రంగుల మ్యాపు సరే, ముందు ఏం కడతారు?

పారిశ్రామిక నగరాల మీద ప్రశ్నలుంటే పంపండి అని పోయిన సంచికలో అడిగాం. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు బాగానే వచ్చాయి. తిప్పి తిప్పి ఎక్కువమంది అడిగింది మాత్రం 'అక్కడ ప్లాటు కొనొచ్చా' అనే. సరే, ఆ ముచ్చట ముందు తేల్చేసి మిగతా వాటిలోకి వెళ్దాం.

ప్ర: ఓర్వకల్లు ఇండస్ట్రియల్ నోడ్ పక్కనే, ఎయిర్‌పోర్టు కూడా ఉంది అంటూ తెలిసినాయన ఒక వెంచర్ చూపించాడు. బ్రోచర్‌లో రంగురంగుల మాస్టర్ ప్లాన్ ఉంది, మా ప్లాటు పసుపు రంగులో పడుతుందట. రెండేళ్లలో రేటు మూడింతలు అంటున్నాడు. కొనమంటారా?
*- ప్రైవేటు స్కూల్ టీచర్, కర్నూలు*

జ: రేటు ఎంతవుతుందో చెప్పడానికి ఇది రాశిఫలాల శీర్షిక కాదండీ, అది వెనక పేజీలో ఉంటుంది. నోడ్ (పారిశ్రామిక కారిడార్ వెంట ప్రభుత్వం కట్టే పారిశ్రామిక నగరం) ఉందన్నది మాత్రం నిజం. 2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ దేశంలో 12 పారిశ్రామిక నగరాలకు ఓకే చెప్పింది, మొత్తం అంచనా 28,602 కోట్ల రూపాయలు. ఏపీకి వచ్చినవి రెండు, ఓర్వకల్లు, కడప దగ్గర కొప్పర్తి. ఓర్వకల్లు నోడ్ 2,621 ఎకరాలు, అంచనా వ్యయం 2,786 కోట్లు. ఎయిర్‌పోర్టు ఉందన్నదీ నిజమే, 2021 మార్చిలో మొదలైంది. మీకు వెంచర్ చూపించినాయన చెప్పినవాటిలో నిజాలు ఇక్కడితో అయిపోయి ఉండొచ్చు.

ఎందుకంటే ఆ బ్రోచర్‌లో వేసింది నోడ్ లోపలి మ్యాపు అయ్యుంటుంది. నోడ్ హద్దుల్లో ఉన్న భూమి ప్రభుత్వ సంస్థల చేతిలో ఉంటుంది, వాళ్లు దాన్ని కంపెనీలకు కేటాయిస్తారు గానీ టెంటు వేసి గజాల లెక్కన అమ్మరు. మీకు అమ్ముతున్నది హద్దుకు బయట. బయటి భూమి ఏ రంగులో ఉందో చెప్పాల్సింది పట్టణాభివృద్ధి సంస్థ, మీ దగ్గర అయితే కుడా. మామూలుగా మన ప్లాన్లలో పసుపు అంటే ఇళ్లు, ఊదా అంటే పరిశ్రమ, నీలం అంటే వ్యాపారం. అయినా బ్రోచర్‌లో రంగు వేసింది ప్రింటింగ్ ప్రెస్సు వాడు, దాన్ని నమ్మకండి. సర్వే నంబరు తీసుకుని ఆఫీసుకి వెళ్లి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ అడగండి. లేఅవుట్ ఎల్పీ నంబరు (అనుమతి నంబరు) అడగండి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి, 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కి రెరా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. 'ప్రాసెస్‌లో ఉంది మేడమ్' అన్నాడా, ఇచ్చిన టీ తాగేసి ఇంటికి వచ్చేయండి.

ఇంక ఆ రెండేళ్ల సంగతి. కృష్ణపట్నం నోడ్‌కి కేంద్రం 2020 డిసెంబర్‌లో ఆమోదం ఇచ్చింది, 2,139 కోట్లతో. ప్రధాని శంకుస్థాపన చేసింది 2025 జనవరి 8న. శంకుస్థాపన తర్వాత రోడ్లు, నీళ్లు, సబ్‌స్టేషన్లు, ఆ తర్వాత కంపెనీలు షెడ్లు కట్టుకోవడం, ఆ తర్వాత మనుషులు. ఆ మనుషులకైనా మొదటి ఐదారేళ్లు కావాల్సింది అద్దె గదులు, మెస్సులు, చాయ్ బంకులు, టూవీలర్ మెకానిక్ షాపులు. గేటెడ్ కమ్యూనిటీలో 200 గజాలు కొనుక్కునేవాళ్లు చాలా ఆలస్యంగా వస్తారు. ఆ డబ్బు పదేళ్లు కదలకపోయినా మీ ఇంట్లో ఏ పనీ ఆగదనుకుంటేనే ఆలోచించండి. పిల్ల పెళ్లికి దాచిన డబ్బయితే వద్దు.

ప్ర: 'ఇంటిగ్రేటెడ్ మాస్టర్ ప్లాన్' అని ప్రతి ప్రెస్‌నోట్‌లో ఉంటుంది. పాత ఇండస్ట్రియల్ ఏరియాకీ దీనికీ అసలు తేడా ఏంటి, లేక కొత్త పేరు మాత్రమేనా?
*- సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ*

జ: కొన్నిచోట్ల కొత్త పేరు మాత్రమే. కానీ సరిగా చేస్తే తేడా పెద్దదే.

పాత పద్ధతి జీడిమెట్ల, నాచారం, పటాన్‌చెరు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. భూమి తీసుకోవడం, ప్లాట్లుగా కోయడం, రోడ్డు వేసి స్తంభాలు పాతి కంపెనీలకి ఇచ్చేయడం. ఆ కంపెనీ వాడి వదిలే నీళ్లు ఎటు పోతాయి, లారీలు ఎక్కడ ఆగుతాయి, నైట్ షిఫ్టు దిగినవాడు ఎక్కడ పడుకుంటాడు అంటే అవన్నీ 'తర్వాత చూద్దాం'. పటాన్‌చెరులో ఆ 'తర్వాత' ఎలా నడిచిందో చూడండి. 1970లలో కంపెనీలు వచ్చాయి. మందుల, రసాయనాల కంపెనీల నీళ్లు నక్కవాగులోకి, అక్కణ్నుంచి మంజీర వైపు పారాయి. పొలాలు పాడయ్యాయి, బోర్లు పాడయ్యాయి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉమ్మడి శుద్ధి ప్లాంటు పెట్టింది 1990లలో. అదీ చాలక అక్కడ శుద్ధి చేసిన నీళ్లని 18 కిలోమీటర్ల పైపు వేసి, హైదరాబాద్ మురుగు లైన్‌లో కలిపి అంబర్‌పేట ప్లాంటుకి పంపారు. ముందే వేసి ఉంటే పైపు ఖర్చుతో పోయేది, ఆలస్యమయ్యేసరికి వాగు కూడా పోయింది.

ఇంటిగ్రేటెడ్ అంటే ఈ 'తర్వాత'లన్నీ ముందుకు తెచ్చి ఒకే డ్రాయింగ్ మీద పెట్టడం. అందుకే మంచి ప్లాన్‌లో మొదటి షీటు ప్లాట్లది కాదు, కాంటూర్లది. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, వాన నీళ్లు ఏ దారిన పోతున్నాయి, ఏ చెరువులోకి. మురుగు పల్లానికే పారుతుంది కాబట్టి శుద్ధి ప్లాంటు అక్కడే పెట్టాలి, నీళ్లు ఎక్కువ వాడే పరిశ్రమలు దానికి దగ్గరగా ఉండాలి, ఆ నీళ్లని శుభ్రం చేసి మళ్లీ ఏ పరిశ్రమకి ఇస్తామో అదీ అక్కడే తేలాలి. వాగు మీద ప్లాటు గీసేసి తర్వాత వాగుని పక్కకి తిప్పుదాం అనుకునే ప్లాన్లు కూడా ఉంటాయి, వాటి సంగతి మొదటి పెద్ద వానకి తెలుస్తుంది.

నువ్వు సివిల్ కాబట్టి ఒక విషయం కాస్త వివరంగా చెప్తాను. మహారాష్ట్రలో ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్) దగ్గర షేంద్ర-బిడ్కిన్‌లో సుమారు 10,000 ఎకరాల్లో ఆరిక్ అనే నగరం కట్టారు. పరిశ్రమకి 60 శాతం, ఇళ్లు, దుకాణాలు, బడులు, పార్కులకి 40 శాతం. అక్కడ కరెంటు తీగలు సహా అన్నీ భూమి కిందే. ఇలాంటి చోట ఒక రోడ్డుని అడ్డంగా కోసి చూశావనుకో, అన్నిటికంటే లోతున మురుగు పైపు ఉంటుంది, ఎందుకంటే అది మోటారు లేకుండా వాలుకే పారాలి. తాగునీటి పైపు దానికి పైన, పక్కకి జరిపి ఉంటుంది, కింది పైపు కారినా పైదాంట్లోకి రాకూడదని. తాగునీళ్లు ఒత్తిడితో పోతాయి కాబట్టి వాలుతో అంత పట్టింపు లేదు. శుద్ధి చేసిన నీళ్లకి ఇంకో పైపు, వాన నీళ్లకి వేరే కాలువ, కరెంటుకి, ఫైబర్‌కి వేరే డక్టులు. రోడ్డు దాటే చోటల్లా ఖాళీ గొట్టాలు ముందే పూడ్చి వదిలేస్తారు. రేపు ఇంకో కేబుల్ కావాలంటే ఆ గొట్టంలోంచి లాగేస్తారు, రోడ్డు మీద గునపం పడదు. మన టౌన్లలో కొత్త సీసీ రోడ్డు పోసిన నెలకే ఎవరో ఒకరు కట్టర్ మెషీన్‌తో దిగుతారు కదా, ఆ జబ్బుకి ఇదే మందు.

చిక్కంతా డబ్బు దగ్గర. ఈ పైపులన్నీ ఒక్క కంపెనీ కూడా రాకముందే పూడ్చాలి. అందుకే ఈ పారిశ్రామిక కారిడార్ నగరాల్లో రాష్ట్రం భూమి ఇస్తే కేంద్రం ట్రంక్ పనులకి (మెయిన్ రోడ్లు, మెయిన్ పైపుల లాంటివాటికి) డబ్బు పెడుతుంది, ఇద్దరూ కలిసి ఒక కంపెనీ పెట్టుకుంటారు. ఏ ప్రాజెక్టు అయినా సరే, ప్రెస్‌నోట్‌లో పెట్టుబడి ఎన్ని కోట్లు అన్నది వదిలేసి, ఫేజ్ 1 టెండర్లో శుద్ధి ప్లాంటు ఉందా, ఫేజ్ 3కి తోసేశారా అని చూడు. నన్నడిగితే ప్లాన్ మంచిదో కాదో తెలిసేది అక్కడే.

ప్ర: స్మార్ట్ సిటీ అంటున్నారు కదా, సెన్సార్లు, కంట్రోల్ రూమ్, ఇలాంటివన్నీ ఉంటాయా?
*- మెసేజ్ పెట్టినవారు ఊరు రాయలేదు*

జ: ఉంటాయి. పైపు కారుతోందని సెన్సార్ చెప్తుంది, మూయడానికి ఫిట్టర్ కావాలి. ఆ పోస్టు మంజూరైందో లేదో కనుక్కోండి.

ప్ర: ఊరి పేరు, కంపెనీ పేరు వేయకండి. ఒక పారిశ్రామిక వాడలో కాంట్రాక్టు మీద చేస్తున్నాను. గేటు దగ్గర బోర్డు మీద టౌన్‌షిప్, పార్కు, ఆస్పత్రి బొమ్మలున్నాయి. మేం మాత్రం పక్క ఊళ్లో ఒక గదిలో ఆరుగురం అమ్మాయిలం ఉంటాం, బాత్రూం రెండు గదులకి ఒకటి. రాత్రి షిఫ్టు బస్సు మెయిన్ రోడ్డు మీద దింపుతుంది, అక్కణ్నుంచి చీకట్లో నడవాలి. ప్లాన్‌లో ఉన్నవి ఎప్పుడు కడతారు?
*- పేరు రాయని సోదరి*

జ: అమ్మా, మీ ఉత్తరమే ఈసారి అన్నిటికంటే ముఖ్యమైనది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

ప్లాన్‌లో 'నివాసం' అని పసుపు రంగు వేస్తారు గానీ ఎవరి నివాసమో రాయరు. ఆ భూమిని వేలం వేస్తారు, బిల్డర్ కొంటాడు, కొన్న రేటు రాబట్టుకోవాలి కాబట్టి మేనేజర్లు కొనగలిగే ఫ్లాట్లు కడతాడు, లేదా రేటు పెరిగేదాకా ఖాళీగా ఉంచుతాడు. మీలాంటి వాళ్లు నెలకి ఇవ్వగలిగింది ఒక మంచానికి అద్దె. ఆ అద్దెతో వేలంలో కొన్న భూమి మీద ఎవడూ కట్టడు. కాబట్టి ఆ పని పక్క ఊళ్లో రైతు చేస్తాడు, ఉన్న ఇంటి మీద రెండు గదులు లేపి. ఇంతమంది పనివాళ్లని పిలిచి వాళ్ల పడక సంగతి ప్లాన్‌లో రాయకపోవడం పెళ్లికి ఊరంతా పిలిచి వంటవాణ్ని మర్చిపోయినట్టే.

ఇది మన ఒక్కళ్ల సమస్య అనుకోకండి. సింగపూర్‌లో జురాంగ్ అని ఉంది, చిత్తడి నేలని పూడ్చి 1961 నుంచి కట్టిన పారిశ్రామిక పట్టణం. అప్పటి ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ పట్టుబట్టి చేయించాడు, కంపెనీలు త్వరగా రాకపోయేసరికి జనం దానికి 'గో గారి తిక్క' అని పేరు కూడా పెట్టారు. తర్వాత కంపెనీలు వచ్చాయి. అక్కడ ఇళ్లు కూడా కట్టారు, మనకంటే నయం. అయినా పనివాళ్లు సాయంత్రం కాగానే బస్సెక్కి పాత సిటీకి వెళ్లిపోయేవాళ్లు, ఫ్లాట్లు ఖాళీగా పడి ఉండేవి. కారణం చిన్నదే, డ్యూటీ అయ్యాక అక్కడ చేసేదేం లేదు. 1968లో జురాంగ్ టౌన్ కార్పొరేషన్ పెట్టాక దుకాణాలు, పార్కులు, 1971లో పక్షుల పార్కు, అదే ఏడాది కార్లలో కూర్చుని చూసే సినిమా థియేటర్, ఇలా ఒక్కొక్కటీ తెచ్చారు. ఫ్యాక్టరీల పేటలో చిలకల పార్కు ఏంటని అప్పట్లో నవ్వినవాళ్లు ఉండే ఉంటారు, కానీ ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఒక చోటు ఉంటే తప్ప సంసారాలు కదిలి రావు. మన శ్రీసిటీ మాస్టర్ ప్లాన్ గీసింది కూడా ఆ జురాంగ్ వాళ్ల కన్సల్టెన్సీయే.

జంషెడ్‌పూర్ కథ ఇంకా పాతది. జంషెట్జీ టాటా 1902లోనే కొడుక్కి ఉత్తరం రాశాడు, వీధులు వెడల్పుగా ఉండాలి, నీడనిచ్చే చెట్లు నాటాలి, ఆటస్థలాలు ఉండాలి, గుడికీ మసీదుకీ చర్చికీ చోటు వదలాలి అని. అప్పటికి ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో కూడా తేలలేదు. ఉద్దేశం అంత మంచిది. కానీ మొదటి ప్లాన్ వేసిన పిట్స్‌బర్గ్ ఇంజనీర్లు అంతమంది వస్తారని లెక్క వేసుకోలేదు. 1911 జనాభా లెక్కల్లో ఆరు వేలు కూడా లేని ఊరు 1921కి 57 వేలు దాటింది. ప్లాన్‌లో ఇల్లు దొరకనివాళ్లు అంచుల్లో బస్తీలు వేసుకున్నారు. ఆ తర్వాత టెంపుల్ అనే ఆయన, స్టోక్స్ అనే ఆయన, 1940లలో కోనిగ్స్‌బర్గర్, ఒకరి తర్వాత ఒకరు వచ్చి కొత్త ప్లాన్లు గీశారు, ప్రతి ఒక్కరికీ మొదటి పని ఆ బస్తీల లెక్క తేల్చడమే. అంత డబ్బూ మనసూ ఉన్నచోటే అలా అయితే వేలంపాట మీద నడిచే టౌన్‌షిప్పుల్లో ఏమవుతుందో మీకు నేను చెప్పేదేముంది.

ఇప్పుడు కాస్త మారుతోంది. తమిళనాడులో శ్రీపెరుంబుదూర్ దగ్గర వల్లం వడగాల్‌లో అక్కడి ప్రభుత్వ సంస్థ సిప్‌కాట్ 18,720 మంది ఆడపిల్లలు ఉండేలా హాస్టళ్లు కట్టించింది, 2024 ఆగస్టులో తెరిచారు. 2024 జులై కేంద్ర బడ్జెట్‌లోనూ పారిశ్రామిక కార్మికులకి డార్మిటరీ తరహా అద్దె ఇళ్లు, ప్రభుత్వం కొంత సాయం చేసేలా, ప్రకటించారు. హాస్టల్ అంటే అన్నీ బాగుంటాయని నేను అనను. కంపెనీ చేతిలో పనీ పడకా రెండూ ఉంటే నోరెత్తడం కష్టం, ఉద్యోగం పోయిన రోజే మంచం పోతుంది. అందుకే హాస్టల్ కంపెనీది కాకుండా పార్కు సంస్థదో ప్రభుత్వానిదో అయితే నయం. కానీ భూమి ఉచితంగానో చౌకగానో ఇస్తే తప్ప పనివాళ్లకి పడకలు రావు అన్నది మాత్రం ఖాయం, దానికి ప్లాన్‌లో ముందే వేరుగా చోటు రాసి పెట్టాలి, వేలంలో కలపకూడదు.

కొత్త కంపెనీ వస్తుందంటే ఎన్ని ఉద్యోగాలని అడిగే విలేకరులు ఎన్ని మంచాలని అడగరు. ఇకనుంచి మేమైనా అడుగుతాం. మీ వరకు ఇప్పుడే జరగాల్సినవి చిన్నవి: బస్సు మెయిన్ రోడ్డు మీద కాకుండా ఊళ్లోకి రావాలి, ఆ దారిలో దీపాలు వేయాలి. రాత్రి షిఫ్టులో ఆడవాళ్లని పెట్టుకున్నప్పుడు రవాణా, భద్రత చూడాల్సిన బాధ్యత యాజమాన్యానిదే. అందరూ సంతకాలు పెట్టి జిల్లా కార్మిక శాఖకి ఒకటి, పంచాయతీకి ఒకటి ఇవ్వండి. ఒక్కరే వెళ్లొద్దు.

ప్ర: 2020లో గ్యాస్ లీకైనప్పుడు మేం వెంకటాపురానికి దగ్గర్లోనే ఉన్నాం. ఫ్యాక్టరీ ముందే ఉంది, పక్కన ఇళ్లు కట్టుకున్నవాళ్లదే తప్పని ఇప్పటికీ కొందరంటారు. నిజంగా తప్పెవరిది?
*- గృహిణి, గోపాలపట్నం, విశాఖపట్నం*

జ: ఇళ్లు కట్టుకున్నవాళ్లకి కరెంటు మీటరు ఇచ్చారు, నల్లా ఇచ్చారు, ఇంటి పన్ను వసూలు చేశారు. ఇవన్నీ ఇచ్చాక తప్పు మీదే అంటే కుదరదు.

2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం) ట్యాంకు వేడెక్కి ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చింది, 12 మంది చనిపోయారు. ఆ ఫ్యాక్టరీ 1961 నాటిది, అప్పటికి అది ఊరి బయట. తర్వాత నగరం పెరుగుతూ దాని గోడ దాకా వచ్చింది. లేఅవుట్‌కి అనుమతి ఒక ఆఫీసు ఇస్తుంది, ఫ్యాక్టరీ విస్తరణకి అనుమతి ఇంకో ఆఫీసు ఇస్తుంది, ఒకళ్ల డ్రాయింగ్ ఇంకొకళ్లు చూడరు. ఇళ్లు ఫ్యాక్టరీ వైపు జరుగుతుంటే ఫ్యాక్టరీ లోపల ట్యాంకులు పెరుగుతుంటాయి. ఎవరికి వాళ్లు రూల్ ప్రకారమే చేశామంటారు.

కొత్త ప్లాన్లలో బఫర్ అని పచ్చ రంగు గీత గీస్తారు. అది ఖాళీ నేలగా వదిలేస్తే పదేళ్లకి గుడిసెలు, ఇరవై ఏళ్లకి డాబాలు వస్తాయి, ఓట్లు కూడా వస్తాయి కాబట్టి ఎవరూ ముట్టుకోరు. మనుషులు తక్కువగా ఉండే పని ఏదో ఒకటి అందులో పెట్టడమే మంచి ఉపాయం, గోడౌన్లు, లారీల పార్కింగ్, సబ్‌స్టేషన్, సోలార్ ప్యానెళ్లు, నర్సరీ. కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమల్ని కాలుష్యాన్ని బట్టి ఎరుపు (అన్నిటికంటే ఎక్కువ), నారింజ, ఆకుపచ్చ, తెలుపు లాంటి రకాలుగా విడదీస్తుంది. ఎరుపు రకం మధ్యలో, దాని చుట్టూ నారింజ, తర్వాత ఆకుపచ్చ, తెలుపు, ఆపైన ఆఫీసులు, చివర్లో ఇళ్లు, ఇలా వరసలుగా రావాలి. గాలి లెక్క కూడా చూడాలి. మన కోస్తాలో నైరుతి గాలి కొన్ని నెలలు, ఈశాన్యం గాలి కొన్ని నెలలు, కాబట్టి ఒకవైపు దూరం వదిలి రెండోవైపు కాలనీ పెడితే సగం ఏడాదే క్షేమం.

మీరు చేయగలిగింది ఒకటుంది. ప్రమాదకర రసాయనాల మీద 1989 నిబంధనల ప్రకారం, పెద్ద ఎత్తున అలాంటివి నిల్వ ఉంచే ఫ్యాక్టరీల విషయంలో గేటు బయట జనం ఏం చేయాలో జిల్లా యంత్రాంగం ఆఫ్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాన్ తయారుచేయాలి, రిహార్సల్ కూడా చేయాలి. మీ ప్రాంతానికి అది ఉందా, చివరి మాక్ డ్రిల్ ఎప్పుడు చేశారని ఆర్టీఐ పెట్టండి. సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో ఫ్యాక్టరీ లోపలివాళ్లకి తెలిస్తే సరిపోదు, మీ వీధిలోనూ తెలియాలి.

ప్ర: మా నాలుగెకరాలు నిమ్జ్ కింద నోటిఫై అయినై. ఏండ్ల సంది అమ్మరాదు, బ్యాంకు లోన్ రాదు, బోరు వేద్దామంటే భయం. చెరుకు, అల్లం పండే భూమి. భూమి ఇచ్చుడు మంచిదా, పూలింగ్ మంచిదా?
*- రైతు, ఝరాసంగం మండలం, సంగారెడ్డి జిల్లా*

జ: జహీరాబాద్ నిమ్జ్ (జాతీయ పెట్టుబడులు, ఉత్పత్తుల మండలి) మొత్తం ప్లాన్ 12,635 ఎకరాలు, న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో. 2024లో కేంద్రం పారిశ్రామిక నగరంగా ఆమోదించింది అందులో 3,245 ఎకరాలకి, 2,361 కోట్ల అంచనాతో. మిగతా తొమ్మిది వేల పైచిలుకు ఎకరాల్లో ఉన్నవాళ్లదే అసలు గోస. కాగితం మీద నగరం, కింద చెరుకు. ప్లాన్ గీసేవాళ్లు రేపటి అవసరం అంటూ పెద్ద గీత గీయడం తేలిక, ఆ గీత లోపల బతికేవాడికి రేపు ఎప్పుడో చెప్పరు. ఫేజుల వారీగా నోటిఫై చేయాలి, మొదటి ఫేజు నిండకుండా రెండో దాని జోలికి పోకూడదు అన్నది నా అభిప్రాయం.

భూసేకరణ అయితే 2013 చట్టం ప్రకారం మార్కెట్ విలువని పల్లెల్లో రెండింతల దాకా పెంచే గుణకం ఉంది, దాని మీద అంతే మొత్తం సొలేషియం (ఊరట కింద అదనంగా ఇచ్చే డబ్బు). భూమి లేని కూలీలు కూడా మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతుంటే బాధిత కుటుంబాల కిందికి వస్తారు, ఈ సంగతి మీ దగ్గర పనిచేసేవాళ్లకి చెప్పండి, చాలామందికి తెలియదు. రాష్ట్రాలు తర్వాత సవరణలు తెచ్చుకున్నాయి, మాట్లాడుకుని ఒప్పందం మీద తీసుకునే దారి ఒకటి పెట్టాయి. ఆ ఒప్పందం మీద వేలిముద్ర వేసేముందు వకీలుతో చదివించండి, తర్వాత రేటు పెంచమని కోర్టుకి పోయే వీలు మిగులుతుందా లేదా అన్నది అక్కడే ఉంటుంది. తీసుకున్న భూమి ఐదేళ్లు వాడకపోతే పాత యజమానికో ల్యాండ్ బ్యాంకుకో పోవాలని కూడా ఆ చట్టంలో ఉంది.

పూలింగ్ సంగతి వేరు. గుజరాత్‌లో ధోలేరా దగ్గర 22 ఊళ్లు కలిపి 920 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని టౌన్ ప్లానింగ్ స్కీముల కింద పెట్టారు. రైతు భూమిలో సగం దాకా రోడ్లకీ వసతులకీ పోతుంది, మిగతాది ప్లాటుగా తిరిగి వస్తుంది, రేటు పెరిగితే లాభం రైతుదే. వినడానికి బాగుంటుంది. కానీ నగరం నిజంగా లేస్తేనే ఆ ప్లాటుకి విలువ. లేవకపోతే చేతిలో పత్రం ఉంటుంది, పొలం ఉండదు. కాబట్టి ఇంట్లో వేరే సంపాదన ఉంటే పూలింగ్ ఆలోచించొచ్చు. పొలమే దిక్కయితే నేనైతే నగదు తీసుకుని, రేటు మీద కొట్లాడి, ఆ డబ్బుతో ఇంకోచోట భూమి కొనమంటాను. అదీ వెంటనే కొనాలి, ఎందుకంటే పరిహారం పడిన వారంలోనే చుట్టుపక్కల రేట్లు లేస్తాయి, కారు షోరూం వాళ్లు ఇంటికే వస్తారు.

ప్ర: మా పంచాయతీలో సగం భూమి పారిశ్రామిక పార్కులోకి వెళ్లింది. రోడ్లు పాడయ్యేది మావి, చెత్త పడేది మా చెరువు గట్టున. పన్ను మాత్రం పార్కు వాళ్లే వసూలు చేసుకుంటున్నారు. ఇదేం న్యాయం?
*- సర్పంచ్, రంగారెడ్డి జిల్లా*

జ: సర్పంచ్ గారూ, దీన్ని ఐలా పద్ధతి అంటారని మీకు తెలిసే ఉంటుంది. పార్కు హద్దుల్లో స్థానిక సంస్థ అధికారాలు పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకి వెళ్తాయి, వాళ్లు ఆస్తిపన్ను వసూలు చేసి 65 శాతం పార్కు నిర్వహణకి ఉంచుకుని 35 శాతం స్థానిక సంస్థకి ఇవ్వాలి. ముందు ఆ 35 వస్తోందా, ఏ ఏడాది దాకా వచ్చిందో రికార్డు తీయించండి. బకాయిలుంటే గ్రామసభ తీర్మానంతో రాయండి.

అంతకంటే పెద్ద మెలిక రాజ్యాంగంలోనే ఉంది. 243క్యూ అధికరణ ప్రకారం పెద్ద పారిశ్రామిక సంస్థే వసతులు ఇస్తున్నచోట గవర్నర్ దాన్ని ఇండస్ట్రియల్ టౌన్‌షిప్ అని ప్రకటించి మున్సిపాలిటీ లేకుండా నడపొచ్చు. జంషెడ్‌పూర్‌లో ఎన్నికైన నగరపాలక సంస్థ లేకుండా కంపెనీయే నీళ్లూ వీధి దీపాలూ చూస్తూ వచ్చింది. సేవలు బాగున్నాయని అక్కడివాళ్లే చెప్తారు, కానీ కార్పొరేటర్‌ని నిలదీసే హక్కు ఉండాలి కదా అని కోర్టులకెక్కినవాళ్లూ అక్కడివాళ్లే. నా మటుకు నాకు రెండోవాళ్ల మాటే సబబనిపిస్తుంది. పార్కు బోర్డులో చుట్టుపక్కల పంచాయతీలకి కుర్చీ ఉండాలి, మాస్టర్ ప్లాన్ హద్దు పార్కు గోడ దగ్గర ఆగకుండా పనివాళ్లు ఉంటున్న ఊళ్లనీ, చెత్త పడుతున్న మీ చెరువునీ కలుపుకోవాలి. ప్లాన్ మీద అభ్యంతరాలు చెప్పడానికి గడువు ఇచ్చినప్పుడు, నోటీసు పేపర్లో ఏ మూలనో వేస్తారు, ఆ గడువులోగా రాతపూర్వకంగా ఇవ్వండి. నోటితో చెప్పింది ఫైల్లో ఉండదు.

ప్ర: ఇంటర్ ఎంపీసీ చదువుతున్నా. ఈ ప్లాన్లు గీసే ఉద్యోగం చేయాలంటే ఏం చదవాలి?
*- విద్యార్థిని, ఒంగోలు*

జ: బ్యాచిలర్ ఆఫ్ ప్లానింగ్. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, 2008లో పెట్టిన కేంద్ర సంస్థ. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లోనూ ప్లానింగ్ కోర్సు ఉంది. విజయవాడకి జేఈఈ మెయిన్ రాయాలి, అందులో ఆర్కిటెక్చర్‌కి పేపర్ 2ఏ, ప్లానింగ్‌కి 2బీ. అప్లికేషన్‌లో ఈ రెండూ చాలామంది కలిపేసుకుంటారు, 2బీ టిక్ పెట్టావో లేదో సబ్మిట్ కొట్టేముందు ఇంకోసారి చూసుకో.